ఓరియెంటేషన్‌లో నా భూస్థాపన

వనపర్తి దగ్గర ఒక చిన్న బైబిలు కాలేజీలో చేరిన రెండో రోజే నేను చనిపోవలసి వచ్చింది.

కొత్తగా చేరినవాళ్ళం తొమ్మిది మందిమి. ఓరియెంటేషన్ మొదటి రోజంతా భోజనం గంటలు, సెల్‌ఫోన్ నియమాలు, బాత్రూముల వరుసతో గడిచిపోయింది. రెండో రోజు ప్రిన్సిపాల్ అయ్యగారు మమ్మల్ని వరండాలోకి పిలిచారు.

"ఊర్లల్లకు పోయినంక మీకు మొదలు వచ్చే పిలుపు సావుకే. ఇయ్యాల భూస్థాపన నేర్చుకుందం. శవం ఎవరైతరు?"

అందరూ నావైపే చూశారు. ధరూర్ దిక్కు పత్తిచేలల్లో ఎండిన ఒళ్ళు నాది. పైగా జ్వరమని చెప్పి పొద్దుటి పాటలు తప్పించుకున్నాను. కాదనే మొహం లేక రెండు బెంచీల మీద పడుకున్నాను. పైన తెల్ల దుప్పటి కప్పారు. నా గదిలోనే ఉండే, అయిజ ఊరి నుంచి వచ్చిన అతన్ని పూలకు పంపారు. ఇంతలో ఫోన్ రావడంతో, "మీరు సదువుతుండుండ్రి," అని అయ్యగారు అవతలికి వెళ్ళారు.

ఒకడు వాక్యం చదువుతుంటే నాకు నిద్ర పట్టబోయింది. అప్పుడే ఎవరో ఆడమనిషి గొంతు.

"అయ్యో, ఏ ఊరి పిల్లగాడు నాయినా?"

"ధరూర్ దిక్కు," అన్నాడొకడు, నిజాయితీగా.

ఆమె నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడుపు ఎత్తుకుంది. "ఓ కొడకా, సదువుకుంటనని వస్తివి కదా. మీ అమ్మకు ఎట్ల చెప్తురు కొడకా."

అయ్యగారే మాకు నేర్పడానికి ఆమెను పిలిపించారనుకున్నారు మావాళ్ళు. చదివేవాడు ఇంకా గట్టిగా చదివాడు. ఏర్పాట్లు బాగున్నాయని దుప్పటి కింద నేనూ మెచ్చుకున్నాను.

ఇంతలో ఆమె దుప్పటి తీసి నా చెంపలు పట్టుకుంది. కన్నీళ్ళు నా ముక్కు మీద పడ్డాయి. అది నటన కాదని అప్పుడు తెలిసింది.

"అమ్మా, నేను బతికే ఉన్న," అన్నాను.

ఆమె కెవ్వుమని వెనక్కి పడింది. లేచాక నా చెంప మీద ఒకటి గట్టిగా ఇచ్చింది. అప్పుడే బంతిపూలతో వచ్చిన అయిజ అతను గుమ్మంలో ఆగిపోయాడు.

"అమ్మా, నువ్వెప్పుడొచ్చినవ్?"

కొడుకు ఎలా ఉన్నాడో చూసి పోదామని రొట్టెలు చేసుకుని పొద్దున్నే బస్సెక్కిందట. పరుగున వచ్చిన అయ్యగారితో, "గిదేం సదువు సారూ, బతికున్నోళ్ళను పండవెట్టి," అంది. ఆయన చేతులు జోడించారు. తర్వాత మావైపు తిరిగి, "ఆమె ఏ ఊరని అడిగింది, పిల్లగాని తల్లిని తలుచుకుంది. మీరు పేజీ తిప్పిన్రు," అని మాత్రం అన్నారు. ఆ పూట పాఠం అంతే.

మూట విప్పి ఆమె మొదటి సజ్జరొట్టె నా చేతిలోనే పెట్టింది, పల్లీల పొడితో. కొట్టిన చెంపను ఒకసారి నిమిరింది. నేను రొట్టె తుంచకుండా తల దించుకుని కూర్చున్నాను. జ్వరమనుకుని ఆమె నా నుదురు కూడా తడిమి చూసింది.

వాళ్ళమ్మను ఏడిపించానని కొడుకు మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడక తప్పలేదు. తల్లి ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ ధరూర్ పిల్లగాడు తింటుండా?" అని ముందు నా సంగతే అడిగేది మరి.