అయ్యగారు మోసిన ఆలస్యం

మా లూథరన్ గుడి పాస్టరు గారిని ఊరంతా అయ్యగారనే పిలిచేది. ఆయన భార్యని అమ్మగారు అనేవాళ్ళం. ముప్ఫై ఏళ్లకు పైగా మా సంఘాన్ని ఆయనే చూసుకున్నారు. మధ్యలో రెండుసార్లు బదిలీ అయితే మా పెద్దలు వెళ్ళి పోట్లాడి మరీ వెనక్కి తెచ్చుకున్నారు. అలాగని గొప్పగా ప్రసంగిస్తారనేం కాదు. ముగిస్తున్నాననే మాట ముగించడానికి పావుగంట ముందే చెప్పేవారు. కీర్తనలో రాగం తప్పితే మాత్రం ఊరుకునేవారు కాదు. చేతికర్రతో నేల మీద కొట్టి, మొదటి చరణం నుంచి మళ్ళీ పాడించేవారు. ఎండాకాలంలో ఆయన్ని మనసులో తిట్టుకోకుండా నేను ఇంటికొచ్చిన ఆదివారం లేదు.

కానీ ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా వచ్చే మనిషి. కాలవ గట్టు మీద ఆయన మోపెడ్ చప్పుడు మా పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు. మామూలుగా వస్తే భుజానికి గుడ్డసంచి ఉండేది. ఎవరికైనా ప్రాణం మీదికొచ్చి ప్రభు భోజనం ఇవ్వడానికి వస్తే మాత్రం కాళ్ళ దగ్గర నల్లటి తోలుపెట్టె ఉండేది. అందులో చిన్న గిన్నె, ద్రాక్షరసం సీసా, పల్చటి రొట్టె బిళ్ళలు. గుడికి రాలేని రోగికి ఇంటి దగ్గరే ఇచ్చేందుకు.

ఆ పెట్టె అంటే మా పేటకి హడల్. పెట్టె గుమ్మం దాటి లోపలికొచ్చిందంటే మూడు రోజుల్లో ఆ మంచం ఖాళీ అవుతుందని ఆడవాళ్ళకి గట్టి నమ్మకం. అయ్యగారు గుళ్ళోనే కేకలేసేవారు. "ఆఖరి గడియ దాకా ఆగి అప్పుడు కబురు పెట్టేది మీరు. మనిషి పోతే పెట్టె వల్ల పోయాడనేదీ మీరే. ఇది చావు పెట్టె కాదర్రా!" అందరం తలలూపేవాళ్ళం. ఇంటికొచ్చాక ఎవరి భయం వాళ్ళదే. నేను బీఈడీ చదివి, బళ్ళో పిల్లలకి సైన్సు చెబుతూ కూడా ఆ భయాన్ని వదల్లేకపోయాను.

తొమ్మిదేళ్ల కిందట అమ్మని రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే అమ్మ కళ్ళు తెరిచి, "అయ్యగారిని రమ్మనండి, బల్ల తీసుకుంటాను" అంది. మా వాళ్ళు ప్రభు భోజనాన్ని బల్ల అనే అంటారు. నాన్న నా వైపు తిరిగి, "ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు. ఇంట్లో ఉన్నది నా ఫోనొక్కటే. తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. నంబరు కూడా తీశాను. ఆ పెట్టె మా గుమ్మంలోకి రావడం కళ్ళ ముందు కనిపించింది. ఫోను జాకెట్లో పెట్టేసుకుని లోపలికొచ్చి, "చేశాను, వస్తానన్నారు" అన్నాను.

ఆ రోజంతా అమ్మ గుమ్మం వైపే చూసింది. గట్టు మీద ఏ బండి చప్పుడైనా తల తిప్పేది. "రాలేదేంటి?" అని నాన్న అడిగినప్పుడల్లా ఏదో పనిలో ఉన్నారటని చెప్పాను. రేపటికి కాస్త తేరుకుంటుంది, అప్పుడు పిలుద్దాం అనుకున్నాను. నేను అమ్మని కాపాడుతున్నాననే అనుకున్నాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సాయంత్రం నాలుగింటికి అమ్మ ఊపిరి మారింది. అప్పుడు చేశాను ఫోను. అయ్యగారు ఇరవై నిమిషాల్లో వచ్చేశారు. అమ్మ అప్పటికే పోయింది.

నాన్న ఇరిగేషన్‌లో లస్కరు. ఇన్ని గంటలకి తలుపు ఎత్తాలి, ఇన్ని గంటలకి దించాలి అని కాలవ లాకుల దగ్గర జీవితమంతా గడియారం చూసుకుంటూ బతికిన మనిషి. గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడిన అయ్యగారికి అడ్డంగా వెళ్ళాడు.

"పొద్దుననగా ఫోన్ చేస్తే ఇప్పుడాండీ రావడం? అది కళ్ళు కాయలు కాసేలా చూసింది మీకోసం!"

అయ్యగారు నా వైపు చూశారు. ఆయన ఫోన్లో నా పేరు ఎన్నింటికి మోగిందో ఆయనకి తెలుసు. నేను నేల చూశాను. ఆయన నాన్న వైపు తిరిగి, "తప్పు నాదేనండి. ఆలస్యం చేశాను" అన్నారు.

నాన్న దాన్ని అక్కడితో వదల్లేదు. సంఘం మీటింగులో అందరి ముందూ లేచి, చావుకి కూడా టైముకి రాని మనిషి మనకెందుకన్నాడు. ఊళ్ళో కొన్నాళ్ళు అదే మాట నలిగింది. అయ్యగారు మారు మాట్లాడలేదు. నాన్న ఆదివారం గుడికి వచ్చేవాడు, చివరి చాప మీద కూర్చునేవాడు. జనం బల్లకి లేవగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. "నా భార్యకి ఇవ్వని రొట్టె నాకొద్దు" అనేవాడు. తొమ్మిదేళ్ళూ అంతే. రోజూ చెబుదామనుకునేదాన్ని. ఏడాది గడిస్తే చెప్పడం ఇంకా కష్టమయ్యేది.

అయ్యగారు రిటైరయ్యాక మా ఊళ్ళోనే చిన్న ఇల్లు చూసుకుని ఉండిపోయారు. ఈ ఏడాది వానలు మొదలైన వారంలో పక్షవాతం వచ్చిందని, డాక్టర్లు ఆశ లేదన్నారని తెలిసింది. బడి నుంచి అటే వెళ్ళాను. మంచం చుట్టూ జనం. అమ్మగారు చెమ్చాతో జావ పడుతున్నారు. మాట ముద్దగా వస్తోంది గానీ తెలివి ఏమాత్రం తగ్గలేదు. కూర్చున్నవాళ్ళలో ఒకావిడ కీర్తన తప్పు రాగంలో ఎత్తుకుంటే ఆ స్థితిలోనూ మొహం చిట్లించారు. మూడో రోజు వెళ్ళేసరికి ఎవరూ లేరు. అమ్మగారు గిన్నె కడగడానికి పెరట్లోకి వెళ్ళారు.

"మీ నాన్న రాడా?" అన్నారు అయ్యగారు.

"రానంటున్నాడండి."

"ఆ సంగతి నువ్వు చెప్పకపోయినా నేను చెప్పను తల్లీ. కానీ వాడు బల్లకి దూరమైపోయాడు. దానికే నాకు ప్రాణం కొట్టుకుంటోంది."

ఆయన పడిపోని చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. "నీ మీద కోపం లేదు నాకు. మీ నాన్నకి త్వరగా చెప్పు" అన్నారు. అప్పుడే అమ్మగారు లోపలికొచ్చారు.

బయట వాన. స్కూటీ మీద ఇంటికొస్తూ దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. ఇంటికి చేరేసరికి ఒక్కటీ మిగల్లేదు. నాన్న వసారాలో కూర్చుని రేడియో బాగుచేసుకుంటున్నాడు. నేను తడిబట్టలతోనే ఎదురుగా కూర్చుని, ముందూ వెనకా లేకుండా చెప్పేశాను. పొద్దున ఫోను చెయ్యలేదని, పెట్టె వస్తే అమ్మ పోతుందని భయపడ్డానని, అయ్యగారు నన్ను కాపాడడానికి తప్పు తనదన్నారని.

నాన్న చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టలేదు. నన్ను కొడతాడేమో అనిపించింది. కొడితే బాగుండుననీ అనిపించింది.

"ఆయన బతికే ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నారు. రేపటిదాకా ఉంటారో లేదో."

లేచి స్నానానికి వెళ్ళాడు. వచ్చి బీరువాలోంచి తెల్ల పంచె తీశాడు, నచ్చక ఇంకోటి తీశాడు. చొక్కాకి గుండీ ఊడితే నాకిచ్చి కుట్టమన్నాడు. సూదికి దారం ఎక్కడం లేదు. "వేరేది వేసుకో నాన్నా, ఆలస్యమవుతోంది" అన్నాను. అదే కావాలన్నాడు. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళాడు. జీవితంలో ఎక్కడికీ ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళని మనిషి. అయ్యగారి మొహం ఎలా చూడాలో తెలియక ఆగుతున్నాడని నాకు అర్థమైంది. నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది?

వంతెన దగ్గర రొయ్యల మేత లారీ ఒకటి బురదలో దిగబడి దారికి అడ్డంగా ఉంది. హారన్ కొట్టాను, అరిచాను, దిగి వాళ్ళతో పాటు తోశాను కూడా. లారీ కదిలేలోపు గుడి గంట మొదలైంది. ఒక్క దెబ్బ, ఆగి మళ్ళీ ఒక్క దెబ్బ. మా ఊళ్ళో అలా మోగితే ఎవరో పోయినట్టు. నాన్న వెనక సీటు మీంచి దిగి, వానలోనే కాసేపు వంతెన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంక తొందర లేదమ్మా. మెల్లగా పోనియ్" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భూస్థాపన. సమాధుల దొడ్డిలో మూడడుగులు తవ్వేసరికి నీళ్ళు ఊరాయి. చుట్టూ రొయ్యల చెరువులే అయ్యాక మా నేలలో ఎప్పుడూ ఇంతే. ఇంజను పెట్టి తోడుతుంటే ఆ చప్పుడు గుళ్ళోకి వినపడుతోంది. అయ్యగారిని తెల్ల అంగీతో పీఠం ముందు పడుకోబెట్టారు. పక్క సంఘం పాస్టరు గారు ఆరాధన జరిపి, ఆయన గురించి ఎవరైనా చెప్పదలుచుకుంటే చెప్పమన్నారు. ఒకాయన తన పెళ్ళి గురించి చెప్పాడు. తుపానులో గుడి తలుపులు తీసి ఊరందరికీ గంజి కాయించిన సంగతి ఇంకొకావిడ చెప్పింది. నేను చెప్పాలి. అందరి ముందూ ఆయనకి పడిన మచ్చని అందరి ముందే తుడవాలి. అయినా కూర్చునే ఉన్నాను. నాన్న మాత్రం చివరి చాప మీంచి లేచాడు.

తొమ్మిదేళ్ల కిందట ఈ మనిషి ఏమన్నాడో అందరికీ గుర్తే. ఆయన శవం దగ్గర మళ్ళీ ఏమంటాడోనని పెద్దలిద్దరు లేవబోయారు.

"మా ఆవిడ పోయిన రోజు అయ్యగారు ఆలస్యం చెయ్యలేదండి. కబురే ఆలస్యంగా వెళ్ళింది. పొద్దున ఫోన్ చెయ్యొద్దని మా అమ్మాయికి నేనే చెప్పాను. పెట్టె చూసి భయపడ్డాను. ఆయన మీద లేనిపోని నింద వేశాను. క్షమించమని అడగడానికి నిన్న బయల్దేరాను, అందుకోలేకపోయాను" అని కూర్చున్నాడు.

నాన్న అబద్ధమాడ్డం నేను మొదటిసారి విన్నాను. నా కోసం తప్పు నెత్తినేసుకున్నవాళ్ళు ఇద్దరయ్యారు. ఒకాయన పీఠం ముందు పడుకుని ఉన్నారు. రెండో ఆయన తలొంచుకుని పంచె అంచు సర్దుకుంటున్నాడు. నాకు నా మీద పట్టలేనంత కోపం వచ్చింది. లేచాను.

"మా నాన్న చెప్పింది నిజం కాదండి. నాన్న నన్ను ఫోన్ చెయ్యమనే చెప్పాడు. చెయ్యకుండా చేశానని అబద్ధం చెప్పింది నేను. సాయంత్రం నాలుగింటిదాకా నేను అయ్యగారికి చెప్పనేలేదు. ఆయనకి తెలుసు. తెలిసే తప్పు తనదన్నారు."

నాన్న ఆ నెల బల్లకి వెళ్ళాడు, అందరికంటే ముందు మోకరించాడు. అది తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం నా వైపు చూడలేదు. శవం తల దగ్గర కుర్చీలో కూర్చున్న అమ్మగారు లేచి, నా దగ్గరికొచ్చి, నా రెండు భుజాలూ పట్టుకున్నారు. తిడతారనుకున్నాను.

"నాలుగింటికా?" అన్నారు. "నాలుగింటికేనామ్మా నువ్వు ఫోన్ చేసింది?"

"అవునండి."

"ఆ రోజు అన్నం తిని కాసేపు నడుం వాల్చారమ్మా ఆయన. పొద్దున్నే ఫోనొస్తే అంత నిద్ర ఎలా పట్టిందండీ మీకు, అక్కడ ఆవిడ ప్రాణం పోతుంటే అని ఇన్నేళ్ళూ దెప్పుతూనే ఉన్నాను. మంచాన పడ్డాక కూడా, మొన్న జావ పట్టేటప్పుడు కూడా అన్నాను."

భుజాలు వదిలేసి, ఆయన వైపు తిరిగారు.

"ఏవండీ, నాక్కూడా చెప్పలేదేంటండీ?" అని అడిగారు.