చిల్లు పడిన రోజే చెప్పాలి

కంప్యూటరు డబ్బా విప్పి బ్లోయరు పెట్టినప్పుడు ఒక వాసన వస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, కాస్త వేడెక్కిన ప్లాస్టిక్కు. పొద్దున మా ఆసుపత్రి ఆఫీసులో మెకానిక్ బ్లోయరు ఆన్ చేయగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. కుర్చీలోంచి లేచి వరండాలోకి వెళ్లిపోయాను. మస్తాన్ బాబాయ్ గుర్తొస్తే నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు.

ఆయన నాకు సొంత బాబాయేమీ కాదు. నరసరావుపేటలో మా వీధి చివర ఆయన కంప్యూటరు రిపేరు షాపు ఉండేది, అంతే. డిప్లొమా చదివి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను రక్తపరీక్షల ల్యాబులో ఆపరేటరుగా పెట్టించింది ఆయనే. మెషీన్లు బాగుచేయడం చాలామందికి వచ్చు, ఆయన పిచ్చి మాత్రం వేరు. మెయిళ్లు చూసుకునే సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం బయటపడిందని, దాంట్లోంచి దొంగలు దూరుతున్నారని వార్త వస్తే చాలు, షట్టరు సగం దించి మోపెడ్ ఎక్కేవాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరెవరి దగ్గరుందో ఆయనకు నోటికి వచ్చు. మిర్చి కొట్టు, లాయరుగారి ఆఫీసు, పత్తి జిన్నింగు మిల్లు, మా ల్యాబు. పిలవకపోయినా వెళ్లేవాడు. "మస్తాన్ వచ్చాడు, ఇయ్యాల దేనికి చిల్లు పడిందో!" అని నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు, పని మాత్రం చేసే కదిలేవాడు.

"ఎందుకు బాబాయ్ ఈ తిరుగుడు? ఫోన్ చేసి చెప్తే సరిపోద్ది కదా" అన్నాను ఒకసారి.

"ఫోన్లో ఊఁ అంటారు, పెట్టేస్తారు. పక్కింటోళ్ల తలుపు గడియ ఊడిందని తెలిసినాక నాకు టీ ఎట్టా దిగుద్దమ్మాయ్?"

ఓ శనివారం అలాగే మా ల్యాబుకు వచ్చాడు. "ఈసారిది చానా చెడ్డది. లోపలున్న ఫైలు తెరవక్కర్లా. మెయిల్ మీద ఒక్క నొక్కు నొక్కినా చాలు, వాడు లోపలికొచ్చేత్తాడు. అప్‌డేట్ వేస్తా, లెగు" అన్నాడు. కౌంటరు దగ్గర జనం తోసుకుంటున్నారు. సాయంత్రం నేనే వేస్తానని పంపించేశాను. వేయలేదు. అంతకుముందు అప్‌డేట్ వేసినప్పుడు, మెయిల్లోంచి ప్రింటు తీసిన రిపోర్టుల మీద ల్యాబు పేరు సగానికి తెగి వచ్చిందని ఓనరు నా మీద ఇంతెత్తున ఎగిరాడు. నడిచే బండికి రిపేరెందుకులే అనుకుని 'తర్వాత' అన్న చోట నొక్కాను.

సోమవారం పొద్దున "నా రిపోర్టు రాలేదు" అని ఒక మెయిల్ కనిపించింది. నొక్కాను. తెర మీద ఏమీ లేదు. మధ్యాహ్నానికల్లా ఫోన్లు. "మీ కాడ్నించి మాకు ఎవరిదో రిపోర్టు వచ్చిందేంది?" అని. మా మెయిల్లో ఉన్న పాత రిపోర్టులన్నీ, మా దగ్గరున్న అడ్రసులన్నిటికీ, మా పేరుతోనే వెళ్లిపోతున్నాయి. మా దగ్గరికొచ్చే పల్లెటూళ్లవాళ్లు సొంత మెయిల్ లేక ఊళ్లోని నెట్ సెంటరువాళ్లదో, మేష్టారిదో ఇస్తుంటారు. అంటే ఊరందరి చేతికీ వెళ్లినట్టే. అందులో కోటమ్మ రిపోర్టూ ఉంది. బొల్లాపల్లి దగ్గర హాస్టల్లో వంటమనిషి. టీబీ వచ్చి, మందులు పూర్తిగా వాడి, నయమైందని పెద్ద ల్యాబు నుంచి మెయిల్లో మాకొచ్చిన కాగితం అది. "ఎవురికీ పంపబాకమ్మా, వంటపని పోద్ది" అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. పంపనని మాటిచ్చాను.

నేను పిలిస్తే బాబాయ్ వచ్చి నెట్ కేబులు పీకేశాడు. "రిపోర్టులు బయటికెళ్లినోళ్లందరికీ ఇయ్యాలే చెప్పాల" అన్నాడు.

ఓనరు గయ్యిమన్నాడు. "ఎవడు తెరిచి చూత్తాడయ్యా? మనమే చెప్పుకుంటే ల్యాబు పరువు పోద్ది. నోరు మూసుకోండి."

బయటికొచ్చాక బాబాయ్ నా వైపు తిరిగాడు. "జబ్బుల కాగితాలు నేను చదవగూడదు. ఎవురికి ఏం నష్టమో నీకే తెలుసు. నువ్వు చెప్పు."

"ఉద్యోగం పోద్ది బాబాయ్" అన్నాను. ఆయన మోపెడ్ ఎక్కి షాపుకు వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. గురువారం పొద్దున షాపుకు వెళ్లి "బండి తియ్యి బాబాయ్" అన్నాను. షట్టరు దించి మోపెడ్ తీశాడు.

మేం వెళ్లేసరికి కోటమ్మ ఇంటి ముందు ఊరికే కూర్చుని ఉంది. ముందు రోజే పనిలోంచి తీసేశారట. నేను అప్‌డేట్ వాయిదా వేసిన సంగతి దగ్గర్నుంచి అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, అరవలేదు.

"దొంగ మెయిలు నీ చేతుల్లో లేదు, సరేనమ్మా. సోమారం జరిగితే బేస్తవారం దాకా ఏం చేస్తన్నావు? ఆ రోజే చెప్పుంటే, నయమైందన్న కాగితం నేనే తీసకపోయి వార్డెనమ్మకి చూపిచ్చేదాన్ని. ఇప్పుడేమో జబ్బు దాచిపెట్టి పిల్లలకి వండిందంటున్నారు. ఎట్టా కాదనేది?"

ఆ కాగితం తియ్యమన్నాను. ముగ్గురం హాస్టలుకు వెళ్లాం. వార్డెన్ కాగితం చదివింది, పాపం అంది, తిరిగి పెట్టుకోలేమంది. కోటమ్మను ఇంటి దగ్గర దింపాక రోడ్డు పక్కన నిలబడి నేను ఏడుస్తుంటే బాబాయ్ బండి స్టార్ట్ చేశాడు. "మిగతా పేర్లు చెప్పు. పొద్దు గూకేలోపు ఇంకా నాలుగూళ్లు తిరగాల" అన్నాడు. తిరిగాం. మర్నాడు ల్యాబువాళ్లు నన్ను రావద్దన్నారు.

బాబాయ్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఈ ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ నా చేతి కింద ఉన్నాయి. లోపం తెలిసిన రోజే అప్‌డేట్ వేస్తాను, ఎవరి పని ఆగినా సరే. ఒక్క కాగితం పొరపాటున బయటికి వెళ్లినా, ఆ మనిషికి ఆ పూటే నేనే చెబుతాను. "కాస్త ఆగి చూద్దాం మేడమ్" అన్నవాళ్ల మీద కయ్యిమని లేస్తాను. నోటి దురుసు మనిషినని పేరొచ్చింది, రానీ. కోటమ్మ అడిగినదానికి మాత్రం ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు. సోమవారం నుంచి గురువారం దాకా ఏం చేశాను? వేళకు అన్నం తిన్నాను. పడుకున్నాను. కౌంటరులో కూర్చుని రిపోర్టులు ప్రింటు తీశాను. అంతకుమించి ఏమీ చేయలేదు.