అవ్వ పాట టీవీలో బంద్ అయిన ఏడాది

నల్గొండలో నేను కిరాయికి ఉంటున్న గది కింద ఒక ఇస్త్రీ దుకాణం ఉంది. పొద్దున్నే ఆయన గంజి పెట్టిన చీరల మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీ పెట్టె ఆనించగానే, పుల్లగా, కొంచెం మాడినట్టుగా ఒక వాసన ఆవిరితో పాటు లేచి నా కిటికీలోకి వస్తుంది. ఆఫీసుకు ఎంత ఆలస్యమవుతున్నా ఆ వాసన రాగానే నేను దువ్వెన చేతిలో పట్టుకుని కాసేపు నిలబడిపోతాను. ఇరవై రెండేళ్లకే చిన్ననాటి ముచ్చట్లేమిటే అని స్నేహితులు నవ్వుతారు. నవ్వనివ్వండి. మా తాతలకు వాళ్ల చిన్నతనం నింపాదిగా పాతబడింది, నాకు మాత్రం స్కూలు బ్యాగు దించేలోపే అయిపోయింది.

చిట్యాల దగ్గర హైవే దిగి లోపలికి వెళితే మా ఊరు, ఊరికి ఒక చివర మా నేతవాళ్ల వీధి. పొద్దు పొడవకముందే మగవాళ్లు పడుగును వీధి పొడవునా చాపి, దాని మీద గంజి చల్లి, అటొకరు ఇటొకరు నిలబడి కుంచెతో దువ్వుతూ నడిచేవాళ్లు. ఎండ ముదిరేలోగా దారాలు ఆరాలి కాబట్టి ఆ గంట సేపు పాలవాడి మోటారు సైకిల్ కూడా మా వీధిలోకి వచ్చేది కాదు, మేం పిల్లలం గోడ వారగా చేతులు కట్టుకుని బడికి పోయేవాళ్లం. ఎండాకాలమంతా గంజి వాసన, వానలు పడితే గుంత మగ్గాల్లో చెమ్మ వాసన, బతుకమ్మ నాటికి ఏ గుమ్మం ముందు నిలబడ్డా వేయించిన నువ్వుల వాసన. మా అవ్వ, అంటే నాన్నమ్మ, రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ, నువ్వులూ బెల్లమూ దంచిన పిండిని చీర కొంగులో దాచుకుని, ఎవరూ చూడకుండా నా నోట్లో కుక్కేది. నేను నమిలి మింగేలోపు ఒక పాట మొదలుపెట్టేది. మింగకుండా వంత పాడితే వీపు మీద ఒకటి పడేది.

అవ్వ పాటలంటే మామూలు పాటలు కావు. పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఆట పట్టించే పాటలకు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆమె తర్వాతే ఎవరైనా. మధ్యాహ్నం వియ్యాలవారు బంతిలో కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, ఆడపెళ్లివారి వైపు ఆడవాళ్లు వంటల పందిరి చాటున చేరి పాట అందుకునేవాళ్లు. అందులో పెళ్లికొడుకు తల్లికి జరగని అవమానం లేదు. ఆమె బూరెలు దొంగిలించేది, మొగుణ్ని అంగట్లో మరిచి వచ్చేది, గాజులవాడితో కన్ను కలిపేది. అయితే దానికో పద్ధతి ఉంది. వియ్యాలవారి ఇంటిపేరు పెట్టి పాడాలి, పేరు లేని పాట గోడకు పాడినట్టని అవ్వ అనేది. పాడించుకున్న వియ్యపురాలు ఊరుకోకూడదు, అంతకు రెండింతలు కలిపి, మా ఇంటిపేరు పెట్టి జవాబు పాడాలి. చివరికి ఆమే లేచి వచ్చి పాడినామె నోట్లో బెల్లం ముక్క పెడితే అక్కడితో సరి. విస్తళ్లు ఎత్తేసరికి అన్న మాటా పడ్డ మాటా రెండూ ఆ పందిట్లోనే ఉండిపోయేవి.

మా సరోజత్త పెళ్లి నాకు బాగా గుర్తుంది. అత్త అంటే మా బాపుకు, మా నాన్నకు, ఒక్కతే చెల్లెలు. కొల్లాపూర్‌లో రాట్నాలవారింట్లో ఇచ్చారు. ఆమె అత్తగారు యాదమ్మ సన్నగా, నోట్లో నాలుక లేనట్టు కూర్చుంది కానీ, అవ్వ పాడడం ఆపగానే గొంతెత్తి మా వంశం మొత్తాన్ని ఉతికి ఆరేసింది. అవ్వ ఆనందం ఇంతా అంతా కాదు. ఇన్నాళ్లకు తనకు సరిజోడు దొరికిందని, అల్లుడు ఎట్లాంటివాడైనా వియ్యపురాలు మాత్రం బంగారమని నెల రోజులు చెప్పుకుంది. ఇద్దరి నోళ్లలోనూ బెల్లం కరుగుతుండగా పక్కపక్కనే కూర్చుని కాళ్లకు పసుపు రాసుకోవడం నేను చూశాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మన పాట, మన యాస అని ప్రతి ఛానల్ వాళ్లూ మోజుపడే రోజులవి. చంద్రిక అనే పాటల అమ్మాయి అప్పుడు పెద్ద పేరు. ఆమె పాట వినిపించని ఆటో, పిల్లలు ఆమె అడుగులు వేయని బడి వార్షికోత్సవం ఉండేవి కావు. ఒకరోజు ఆమె రెండు బండ్లతో, కెమెరాలతో మా వీధికే వచ్చింది. మా ఊరి కేబుల్ నడిపే రమేశన్న పాతకాలం పెళ్లి పాట కావాలంటే ఈమెనే అడగాలని మా ఇంటికి తీసుకొచ్చాడు. చంద్రిక చెప్పులు బయట విడిచి, అవ్వ కాళ్లకు దండం పెట్టి, నేల మీదే కూర్చుంది. ఆమె చెడ్డదని నేను ఇప్పటికీ అనలేను. అవ్వ మాత్రం పాట అందుకోలేదు.

"ఎదురుంగ వియ్యపురాలు లేకుంటె పాటెట్ల వస్తది బిడ్డా?"

"ఉన్నదనుకొని పాడు అవ్వా," అంది చంద్రిక.

అవ్వ అనుకుంది. కొల్లాపూర్ యాదమ్మ ఎదురుగా బంతిలో కూర్చున్నట్టే అనుకుని, కొంగు నడుముకు చెక్కి, పద్ధతి ప్రకారం ఇంటిపేరు పెట్టి అందుకుంది:

రాట్నాలింటి వదినెకేమొ రైక బిగువాయె,
గాజులోడు గల్మల నిలిస్తె గడియ మరిచిపాయె.

రాట్నాలు అనేది ఒక ఇంటిపేరని ఆ వచ్చినవాళ్లకు తెలియదు, నేతవాళ్ల పాటలో రాట్నం అన్న మాట భలే కుదిరిందనుకున్నారు. అది టీవీలో వస్తే కొల్లాపూర్‌లోనూ వస్తుందని మాకు తట్టలేదు. అవ్వకైతే అది తప్పన్న ఆలోచనే లేదు, ఆమె లెక్కలో ఇంటిపేరు తీసేసి పాడడమే అమర్యాద.

పాట విడుదలైన సాయంత్రం వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. మొదట అవ్వ ముఖం, అవ్వ గొంతు, ఆ రెండు చరణాలు. ఆ వెంటనే డప్పులు మోగి, మా వీధి వెంకటయ్య తాత మగ్గం మధ్యలో చంద్రిక పొట్టి లంగా కట్టుకుని గంతులేసింది. గాజుల మలారం భుజాన వేసుకున్న ఒక కండల మనిషి చొక్కా విప్పి గల్మ, అంటే గడప, దాటి లోపలికి వచ్చాడు, తలుపు మూసుకుంది. మగవాళ్లు గొంతులు సవరించుకున్నారు. ఆ పాటలు అంతకాలం వాళ్లకు పందిరి చాటు నుంచి గోలగా మాత్రమే వినబడేవి. అవ్వ ఒక్కతే నవ్వుతూ, తన ముఖం మళ్లీ ఎప్పుడు వస్తుందని చివరిదాకా చూసింది.

పాట పెద్ద హిట్టయింది. అదే మా కొంప ముంచింది. కొల్లాపూర్ బజారులో రాట్నాలవారి బట్టల దుకాణం ముందు నుంచి పోయే ప్రతి ఆటో ఆ చరణం దగ్గర సౌండు పెంచడం మొదలుపెట్టింది. కులసంఘం పెద్దలు నేత ఆడవాళ్లను అవమానించారని ఫిర్యాదు ఇచ్చారు. టీవీల్లో చర్చలు పెట్టారు. పెళ్లి పందిట్లో ఏనాడూ ఆడవాళ్ల వైపు కూర్చోని పెద్దమనుషులు నలుగురు మా సంస్కృతి గురించి గంటల కొద్దీ అరుచుకున్నారు. చంద్రిక అది జానపదమని చెప్పింది. జానపదమంటే ఎవరిదీ కాదనుకున్నారో ఏమో, అవ్వ పేరు ఒక్కరూ ఎత్తలేదు. చివరికి ఛానళ్లన్నీ ఆ పాట వేయడం మానేశాయి. టీవీలో బంద్ చేసిన్రు అని రమేశన్న వచ్చి చెబితే, అవ్వ గుండెల మీద చెయ్యి వేసుకుని, పోనీ, పీడ పోయిందని అంది.

ఆమె ఊపిరి పీల్చుకోవడానికి కారణం ఉంది. సరోజత్తకు అప్పుడు ఏడో నెల. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుకోవాలి. పాట గొడవ మొదలైనప్పటి నుంచి అత్త ఫోను మోగేది కానీ ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పాట ఎట్లాగూ బంద్ అయింది, ఇక పోయి బిడ్డను తెచ్చుకోవడమే అని అవ్వ రెండు రోజులు పొయ్యి దగ్గరే కూర్చుని గరిజెలు, సకినాలు, రొట్టె, బెల్లం కలిపి నలిపిన మలీద ముద్దలు చేసింది. బాపు, అవ్వ, నేను నల్గొండలో ఒక బస్సు, కల్వకుర్తిలో ఇంకో బస్సు పట్టుకుని వెళ్లాం. దారంతా ఆ మలీద గిన్నె నా ఒళ్లోనే ఉంది.

కొల్లాపూర్‌లో మాకు చాప వేయలేదు. సరోజత్త వంటింటి గుమ్మంలో కనిపించి, నన్ను చూసి నవ్వబోయి, లోపలికి వెళ్లిపోయింది. యాదమ్మ మంచం మీద తల వంచుకుని కూర్చుంది. టీవీలో పాట ఆపేశారు కదా అని బాపు మొదలుపెట్టగానే ఆమె పెద్దకొడుకు జేబులోంచి ఫోను తీసి అవ్వ ముందు పెట్టాడు.

"టీవీల బంద్ అయితె ఏంది అత్తమ్మా, ఈ ఫోన్ల మోగుతనే ఉన్నది. టీవీలెందుకు ఆపిన్రో చూద్దామని ఇంకింతమంది చూస్తున్నరు. మా అమ్మ అంగడికి పోతె పోరగాళ్లు గాజులోడేడని అడుగుతున్నరు."

ఫోనులో అవ్వ పాడుతోంది. ఎదురుగా అవ్వ కూర్చుని ఉంది. దాన్ని ఎట్లా ఆపాలో మాలో ఎవరికీ తెలియదు, ఆపగలిగేవాళ్లు ఎవరో, ఎక్కడుంటారో కూడా తెలియదు. అవ్వ ఆ ఫోను వైపు చూడలేదు. నేల మీదే జరిగి జరిగి యాదమ్మ కాళ్ల దగ్గరికి పోయింది.

"వదినె, నేను పాడిన. నీ వంతు మిగిలున్నది. ఇక్కన్నే, గీ వాడకట్టంత వినేటట్టు మా ఇంటిపేరు వెట్టి అందుకో. నన్ను ఎంతైన తిట్టు. తిట్టి నా నోట్ల ఇంత బెల్లం వెట్టి నా బిడ్డను తోలియ్యి."

యాదమ్మ తలెత్తింది. ఆమె గొంతు దగ్గర నరం కదలడం నేను చూశాను. ఆమె పాడుతుందనే అనుకున్నాను, మనసులో దండం కూడా పెట్టుకున్నాను. ఆమె ముందు పెద్దకొడుకు వైపు చూసింది, తర్వాత చిన్నకొడుకు, అంటే మా మామ వైపు చూసింది. మామ గోడ వైపు చూస్తున్నాడు.

"నాకు పాటలు రావు," అంది యాదమ్మ.

మలీద గిన్నె మూత తీయకుండానే మాతో తిరిగి వచ్చింది. కల్వకుర్తి బస్టాండులో అవ్వ దాన్ని నా ఒళ్లోంచి తీసుకుని, అక్కడ ఆడుకుంటున్న పిల్లలకు పంచమని బాపుకు ఇచ్చింది. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు, ఎవరి మీద అని అడిగితే మాత్రం చెప్పలేను. చంద్రిక దండం పెట్టే అడిగింది. అవ్వ పద్ధతిగానే పాడింది. రాట్నాలవాళ్లు పడ్డ బాధ నిజమే. ఎవరినీ తప్పు పట్టలేకపోవడం అంత చేదుగా ఉంటుందని పదకొండేళ్ల పిల్లకు ఎవరు చెబుతారు?

అత్తకు కొల్లాపూర్ దవాఖానలోనే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను అవ్వ ఒక్కసారి చూసింది, అదీ అత్త ఏదో వంక పెట్టుకుని కల్వకుర్తి దాకా వస్తే, రెండు బస్సుల మధ్య దొరికిన కాస్త సమయంలో. ఆ తర్వాత మా వీధి పెళ్లిళ్లలో అవ్వను అందరూ పాడమని బతిమాలేవాళ్లు. ఆమె చుట్టూ చూసేది, ప్రతి చేతిలోనూ ఫోను లేచి ఉండేది, గొంతు బాగాలేదని లేచిపోయేది. ఆమె పాడకపోతే మిగతావాళ్లు తడబడ్డారు. నాలుగేళ్లకల్లా పెళ్లిళ్లు ఫంక్షన్ హాళ్లకు పోయాయి. కరోనా రెండోసారి వచ్చినప్పుడు అవ్వ పోయింది. దారులు మూసి ఉండడంతో అత్త తల్లి ముఖాన్ని ఫోనులోనే చూసి ఏడ్చింది. పోయినవాళ్లతో పంచాయతీ ఏమిటని ఆ తర్వాత రాట్నాలవాళ్లే కబురు పెట్టారు. అంతే, అన్నేళ్ల పంచాయతీ అంత తేలిగ్గా తెగింది.

పోయిన నెల కొల్లాపూర్ వెళ్లాను. ఇప్పుడు నాకు కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు. మధ్యాహ్నం కొడుకులు దుకాణానికి పోయాక యాదమ్మ పక్కన కూర్చుని, మా అత్త పెళ్లిలో మీరు పాడిన జవాబు ఒక్కసారి పాడండి అని అడిగాను. ఆమె చాలాసేపు తలుచుకుంది. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. గుర్తొస్తుందేమోనని నేను ఫోనులో ఆ పాట పెట్టాను. అవ్వ రెండు చరణాలు పాడింది. యాదమ్మ నోరు తెరిచింది, అంతలో డప్పులు మొదలయ్యాయి. మళ్లీ పెట్టి, ఈసారి డప్పులు రాకముందే ఆపాను. యాదమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని అవ్వ ముఖం చూసింది.

"పాడి నా దిక్కు జూసి నవ్వుతుండె మీ అవ్వ. గప్పుడె నాకు జవాబు అందుతుండె," అంది. "ఈ ఫోన్ల ఎవల దిక్కు చూస్తాంది బిడ్డా?"

నేనూ చూశాను. అవ్వ మా ఇద్దరి వైపూ కాక పక్కకు ఎటో చూస్తోంది. కెమెరాలు వచ్చిన ఆ రోజు అక్కడ ఎవరు నిలబడి ఉన్నారో నాకు గుర్తు లేదు.