రెండెకరాల తాతకు పదెకరాల శాలువా

ఇరవై ఏళ్ల కిందట, డిగ్రీ అయిన కొత్తలో, కొయ్యూరు అవతల కొండల్లోని ఒక వ్యవసాయ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. రైతుల వివరాలు ఎక్కించడం నా పని. ఆ ప్రోగ్రాములో ఒక్కో పొలానికి ఒక్క పంట రాసే గడే ఉంది. మా కొండ రైతులేమో ఒకే పొలంలో చోడి, సామ, కంది, జొన్న, వలిసె కలిపి చల్లుతారు. రెండో పంట కొడితే మొదటిది చెరిగిపోయేది. అందుకని సోమన్న తాత అనే రైతు రెండెకరాలనూ ఐదుసార్లు ఎక్కించి, ఒక్కోసారి ఒక్కో పంట రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెల తిరక్కుండానే మా ఆఫీసరుగారు నన్నూ జీపెక్కించి తాత ఇంటికి బయల్దేరారు. మండలంలోకెల్లా పెద్ద రైతని శాలువా కూడా తెచ్చారు!

“మీ పదెకరాలూ చూపించండి,” అన్నారు.

తాత ఎదురుగా ఉన్న కొండవాలు చూపించాడు. “ఇదేనండి బాబూ. రెండెకరాలే.”

ఆఫీసరుగారు చేతిలోని కాగితం చూసి, నా మొహం చూశారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆ రెండెకరాలే ఐదుసార్లు కలిసి పదెకరాలయ్యాయని ఉన్నదంతా చెప్పేశాను.

తాత నావైపు చూసి పడీపడీ నవ్వాడు. “ఐదుసార్లు రాసీసిందా ఈ గుంట? అయితే ఐదు సాలువాలు రావాల గదా బాబూ, ఒకటే తెచ్చినారేటి?”

ఆఫీసరుగారు కూడా నవ్వాపుకోలేక శాలువా తాతకే కప్పేశారు. మర్నాడే, ఒక్కో పొలానికి ఎన్ని పంటలైనా రాసేలా వేరే పట్టిక వేయమని ప్రోగ్రాము రాసినవాళ్లకు కబురు పెట్టారు.

ఇప్పుడు నేనే ప్రోగ్రాములు రాస్తున్నాను. ఎవరైనా “ఒక్క గడి చాలదా మేడం?” అంటే చాలు, శాలువా కప్పుకుని మిగతా నాలుగూ అడుగుతున్న తాత కళ్లముందు నిలబడతాడు.