కమిషనర్ గుంతలో పడిన సంగతి

సంగారెడ్డి కోర్టు ఎదురుగా, జిరాక్స్ షాపు మీది గదికి నా బోర్డు ఉంది. పైన విఘ్నేశ్వర్ అని పేరు, కింద 'నిర్మాణ వివాదాల న్యాయవాది' అని హోదా. బోర్డు రాసిన పెయింటర్ "సివిల్, క్రిమినల్ అని కూడా రాయాల్నా సార్, జాగ మిగిలింది" అని అడిగాడు. నేను ఒక్క రంగంలో నిపుణుణ్ణి, అన్నీ రాయనక్కర్లేదన్నాను. ఆ జాగా ఇప్పటికీ ఖాళీగానే ఉంది. లోపల కుర్చీలూ అంతే.

మా నాన్న బద్రీనాథ్‌ది సదాశివపేటలో సిమెంటు, ఇనుము దుకాణం. గల్లా దగ్గర కూర్చోబెడితే వచ్చిన ప్రతివాడితోనూ వాదన పెట్టుకునేవాణ్ణి. "దుకాణంల వాదిస్తె గిరాకీ పోతది, కోర్టుల వాదిస్తె గిరాకీ వస్తది" అని ఆయనే నన్ను లా కాలేజీకి తోలాడు. జీవితంలో ఏ లెక్కా తప్పని మనిషి, నా లెక్క ఒక్కటే తప్పాడు.

పటాన్‌చెరు చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీలు, ఇన్ని షెడ్లు ఉన్నాయి కదా, కంపెనీలకూ కాంట్రాక్టర్లకూ మధ్య పెద్ద తగాదాలు నడుస్తాయని, నేను ఏసీ గదిలో కూర్చుని ఒప్పందాల్లోని ముళ్లు విప్పుతుంటానని అనుకున్నాను. తగాదాలు నడుస్తూనే ఉన్నాయి. కానీ అవి హైదరాబాదు వకీళ్ల కార్లెక్కి రింగు రోడ్డు మీదుగా వెళ్లిపోతాయి. నా దాకా వచ్చేవి పక్కింటి సజ్జా, ఎదురింటి మురుగు మోరీ, పై అంతస్తు బాత్రూంలోంచి కారే నీళ్లు. ఒకసారి గుమ్మడిదల మందుల కంపెనీ మేనేజర్ ఒకాయన ఫోన్ చేస్తే రోజులు మారాయనుకుని కొత్త చొక్కా వేసుకుని వెళ్లాను. ఆయన ఇంటి మెట్లు పక్కవాళ్ల జాగాలోకి జరిగాయట.

అయినా కోర్టులో నాకు ఒక పని మాత్రం తప్పకుండా వస్తుంది. గోడ తగాదా ఏదొచ్చినా నన్ను అడ్వకేట్ కమిషనర్‌గా వేస్తారు. ఏ పక్షానికీ చెందకుండా ఆ జాగాకు వెళ్లి, కొలిచి, కంటికి కనిపించింది రాసి జడ్జి గారికి ఇవ్వాలి. నా రిపోర్టుల మీద ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. దీన్ని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. గోడలో చెయ్యి దూరేంత పగులుంటే 'పగులు వంటిది ఉన్నట్లు కనబడుతున్నది. వాది కొత్తదంటున్నారు, ప్రతివాది పాతదంటున్నారు' అని రాస్తాను. ఇక అభ్యంతరం ఎవరికుంటుంది? నేను దీన్ని తటస్థత అంటాను. నా భార్య త్రివేణి ఇంకో మాట అంటుంది. "కూరల ఉప్పెక్కువైందా అంటే గూడ గిట్లనే చెప్తవు. ఉన్నట్టు కనబడుతున్నదట!"

పోయిన ఎండాకాలం చివర బీరమ్మ దావాలో నన్ను కమిషనర్‌గా వేశారు. పటాన్‌చెరు పాత ఊరివైపు బీరమ్మకు చిన్న ఇల్లు ఉంది. ముందు గదిలో మెస్ నడుపుతుంది. వెనక రెండు గదుల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కార్మికులు కిరాయికి ఉంటారు. ఆ గదుల వెనక గోడ పక్కనే శ్రీశైలం అనే బిల్డర్ సెల్లార్ కోసం రెండు నిలువుల లోతు గుంత తవ్వాడు. గోడ పగిలింది. కిరాయిదార్లు భయపడి రాత్రిళ్లు మెస్‌లో బల్లల మీద పడుకుంటున్నారు. వానలు మొదలైతే గోడ, గోడతో పాటు గదులు గుంతలోకి పోతాయని, తవ్వకం ఆపించి ముందు మన్ను జారకుండా అడ్డంగా కట్టుగోడ కట్టించమని బీరమ్మ అడిగింది. తనది గట్టి మొరం నేల అని, అందులో పార కూడా దిగదని, పాత గోడ దానంతటదే పగిలిందని శ్రీశైలం జవాబిచ్చాడు. ఎవరి మాట నిజమో చూసి రమ్మని జడ్జి గారు నన్ను పంపారు. అప్పటికి మృగశిర కార్తె దగ్గర పడింది.

నేను వెళ్లేసరికి ఇరుపక్షాలూ సిద్ధంగా ఉన్నాయి. బీరమ్మ పక్కన ఆమె వకీలు భవాని ఉంది. శ్రీశైలం పక్కన అతని వకీలు నవీన్‌కుమార్. ఒకరు చాయ్ పట్టుకొచ్చారు, ఒకరు బిర్యానీ తెప్పించామన్నారు. కమిషనర్ ఏ పక్షం దగ్గరా మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది నా నియమం. రెండూ వద్దన్నాను.

"ఏంది సారూ, ఉపాసమా?" అంది బీరమ్మ. "నా చాయ్ తాగితె నీ టేపు పొడుగైతదా, పొట్టిగైతదా?"

"అత్తా, సారును పరేషాన్ చెయ్యకు, పని చేసుకోనీ" అన్నాడు శ్రీశైలం. ఇద్దరిదీ ఒకే ఊరు, వరస కలుస్తుంది.

"అత్తా అత్తా అనుకుంటనే అత్త ఇంటి పునాది తవ్వుతున్నవు. అల్లుడంటె నువ్వే!"

శ్రీశైలం నవ్వేసి నన్ను గుంత దగ్గరికి తీసుకెళ్లాడు. "సూడుండ్రి సార్, అసలైన మొరం. గడ్డపార కొడితె నిప్పులొస్తయి." గుంత గోడ పైనుంచి కిందిదాకా నున్నగా, బూడిద రంగులో మెరుస్తోంది. సిమెంటు దుకాణంలో పెరిగినవాణ్ణి, దాని మీద సిమెంటు పాలు పూశారని చూడగానే తెలిసింది. లోపల ఏముందో మాత్రం తెలియదు. తెలియనిది రాయకూడదు. 'పూత వంటిది ఉన్నట్లు కనబడుతున్నది' అని వాక్యం అప్పుడే మనసులో కట్టేసుకున్నాను.

గోడకూ గుంత అంచుకూ మధ్య దూరం కొలవాలి. టేపు ఒక కొస భవానిని గోడకు ఆనించి పట్టుకోమని, రెండో కొస పట్టుకుని వెనక్కి నడిచాను. టేపు వదులుగా ఉంటే నవీన్‌కుమార్ ఊరుకోడు. బిగించడానికి ఇంకో అడుగు వేశాను.

నేను పడ్డానని అందరూ అంటారు. నిజానికి నేను నిలబడే ఉన్నాను, నేలే కిందికి దిగింది. సగం దూరం వరకు హుందాగానే వెళ్లాను. తర్వాత కాదు.

లేచి చూసుకుంటే మోకాళ్ల దాకా మట్టి. ఎముకలన్నీ ఉన్నాయి. కళ్లజోడు ఒకటే లేదు అనుకున్నాను, అది చెవికి వేలాడుతోంది. పైన శ్రీశైలం కేకలు వేస్తున్నాడు. "అరే, నిచ్చెన తేర్రా జల్దీ! సారు పడ్డడు!"

"ఒక్క నిమిషం" అంది భవాని. "ఆ నిచ్చెన ప్రతివాదిది. కమిషనర్ గారు దాని మీద ఎక్కితే నేను అభ్యంతరం రాయాల్సొస్తది."

"మేడం, మనిషి గుంతల ఉన్నడు!" అన్నాడు నవీన్‌కుమార్.

"ఉన్నడు గనుకనే అంటున్న. మా తాడేస్తం, పట్టుకుని వస్తడు."

"మీ తాడేస్తే నేను రాస్త అభ్యంతరం."

ఈ సమయంలో బుద్ధి ఉన్నవాడెవడైనా ఏది ముందు దొరికితే అది పట్టుకుని పైకి వస్తాడు. నేను మెడ పైకెత్తి, "నిచ్చెన ప్రతివాదిది, తాడు వాదిది. రెండూ వేయండి, ఇద్దరూ రాసుకోండి" అని ఆర్డరు ఇచ్చాను.

"మీ కోర్టు పాడుగాను!" అని అరిచింది బీరమ్మ. "మన్ను రాలుతున్నది! ముందుగాల మనిషిని గుంజుండ్రి!"

తాడు దొరికేదాకా కింద నాకు వేరే పని లేదు. చుట్టూ చూశాను. నాతోపాటు సిమెంటు పూత పెచ్చులుగా ఊడిపోయింది. దాని వెనక మొరం లేదు. పాలిథిన్ కవర్లు, తెగిన చెప్పులు, సీసా పెంకులు, ఏ ఫ్యాక్టరీదో నల్లటి బూడిద. ఎప్పుడో చెత్త పోసి పూడ్చిన నేల అది. తల ఇంకాస్త ఎత్తితే, మన్ను జారిన సందులోంచి బీరమ్మ గోడ అడుగు కనిపించింది. కిందినుంచి గోడను చూడటం నాకదే మొదటిసారి. దాని పునాది రాళ్లు కొన్ని దేని మీదా కూర్చుని లేవు. గాలిలో ఉన్నాయి.

నడుముకు వాది తాడు, కాళ్ల కింద ప్రతివాది నిచ్చెనతో పైకి వచ్చాను. మొహం కడుక్కోవడానికి గల్లీ చివర మున్సిపాలిటీ నల్లా దాకా నడిచాను. శ్రీశైలం వెనకే వచ్చాడు. లంచం మాట ఎత్తుతాడేమో, ఎత్తితే గట్టిగా తిడదామని ఎదురుచూశాను. అతను నాకంటే తెలివైనవాడు.

"సార్, మీ మంచికే చెప్తున్న. గోడల స్పెషలిస్టు గుంతల వడ్డడంటె ఈడికెల్లి సంగారెడ్డి దాక నవ్వుతరు. ఇజ్జత్ కా సవాల్, పరువు పోతది. మన్ను జెర జారింది అని రాయుండ్రి, సాలు. అబద్ధం గాదు గద?"

అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ సాయంత్రం గదిలో కూర్చుని రాశాను. 'కొలతలు తీసుకొను సమయమున అంచు వద్ద మట్టి కొంత జారినట్లు కనబడినది.' చదువుకున్నాను. నేను రాసినవాటిలో ఇంత చక్కని వాక్యం లేదు. ఎవరికీ తగలదు. అందులో పడ్డ మనిషి లేడు. పడ్డ మనిషి లేకపోతే కిందినుంచి పునాది రాళ్లు చూసినవాడూ లేడు. రాళ్ల సంగతి రాయాలంటే నేను గుంతలో ఎందుకున్నానో రాయాలి. పరీక్ష కోసం స్వయంగా దిగినట్టు రాస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. పైన ఇద్దరు వకీళ్లు, ఒక నిచ్చెన, ఒక తాడు సాక్షులుగా ఉన్నారని గుర్తొచ్చి మానుకున్నాను.

అంతరాత్మ మేల్కొందని చెప్పుకోవాలని ఉంది. కానీ నిజంగా జరిగింది ఏమిటంటే, బయట ఉరిమింది. గాలిలో ఉన్న ఆ రాళ్లు కళ్ల ముందుకొచ్చాయి. బల్లల మీద పడుకున్నవాళ్లు ఉక్కకు ఆగలేక వెనక గదుల్లోకి పోయి ఉంటే? వాక్యం కొట్టేశాను. 'కమిషనర్ గుంతలో పడ్డాడు. పడ్డచోటి నుంచి చూడగా నేల చెత్తతో పూడ్చినది. వాది గోడ పునాది రాళ్ల కింద మట్టి లేదు' అని టైపు చేసి, వేళ్లు మళ్లీ 'కనబడినది' అని కొట్టకముందే ప్రింటు తీశాను.

నా రిపోర్టు మీద మొదటిసారి అభ్యంతరం పడింది. నన్ను బోనెక్కించారు. హాలు నిండిపోయింది. లోపల పట్టనివాళ్లు కిటికీల్లోంచి చూశారు.

"మీ బరువెంత?" అన్నాడు నవీన్‌కుమార్.

"తొంభై కిలోల వరకు ఉన్నట్లు..." అని మొదలుపెట్టి, "తొంభై" అన్నాను.

"తొంభై కిలోల మనిషి అంచున నిలబడితే ఏ నేలైనా దిగుతది. అది నేల తప్పా, మీ తిండి తప్పా?"

హాలంతా నవ్వింది. బెంచీ గుమాస్తా కూడా నవ్వాడు, వాడికి నేను పెళ్లి సంబంధం చూసిపెట్టాను. జడ్జి గారు మాత్రం శ్రీశైలం జవాబు పత్రం తిప్పుతున్నారు.

"ఇందులో పార కూడా దిగని నేల అని రాశారు. పార దిగని చోట కమిషనర్ ఎలా దిగారు?"

నవీన్‌కుమార్ నావైపు చూశాడు, జవాబు నేనేమైనా ఇస్తానేమోనని.

తవ్వకం ఆపాలని, వెంటనే ఇసుక బస్తాలు పేర్చాలని, కట్టుగోడ పూర్తయ్యేదాకా గుంతలో మరే పనీ చేయకూడదని ఆ రోజే ఆర్డరు వచ్చింది. శ్రీశైలం కోపం చూపించలేదు. ఫోన్ తీసి ఇసుక ట్రాక్టరు మాట్లాడుతూ మెట్లు దిగిపోయాడు.

వరండాలో బీరమ్మ నా కోసం నిలబడింది. దండం పెడుతుందేమో, వద్దనాలని చెయ్యి సగం ఎత్తాను.

"సారూ, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. నువ్వు పడకుంటె ఏం రాస్తుంటివి?"

"చూసింది రాసేవాణ్ణమ్మా."

"మీదికెల్లి సూస్తె ఏమున్నది? సిమెంటు పూసిందే గద ఉన్నది."

భవాని ఫైల్లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది.

"అదే రాసేవాణ్ణి" అన్నాను.

బీరమ్మ నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. "అయితె మంచిగనే పడ్డవు తియ్యి" అని, మెస్‌కు బియ్యం పొయ్యెక్కించే వేళైందని బస్టాండు వైపు గబగబా వెళ్లిపోయింది.