శ్రుతి తప్పని గొంతు

రోజూ ఉదయం నేను రేడియోలో డబ్బు కబుర్లు చదువుతాను. బంగారం ఎంత పెరిగింది, బ్యాంకులు వడ్డీ ఎంత తగ్గించాయి, నెలనెలా కొంచెం కొంచెం మదుపు చేసుకునేవాళ్ళు మార్కెట్ పడినప్పుడు ఏం చెయ్యాలి, ఇలాంటివి. గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుని హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకోగానే వాటి రెక్సిన్ తొడుగు, ఎందరి చెమటకో తడిసి ఆరి తడిసి ఆరి, ఒక వాసన వేస్తుంది. ఆ వాసన తగిలిందంటే చాలు, విజయనగరంలో మా పెంకుటింటి వసారా, గోడకి కొట్టిన మేకు, ఆ మేకుకి తోలు తొడుగులో వేలాడే మా ట్రాన్సిస్టరు కళ్ళ ముందుకొస్తాయి.

మాది సన్నాయి మేళం కుటుంబం. వేసవి వచ్చిందంటే తెల్లారగట్ల నాన్న వసారాలో కూర్చుని, సన్నాయికి పెట్టే రెల్లు పీకల్ని గిన్నెడు నీళ్ళలో నానబెట్టి, ఒక్కొక్కటే నోట పెట్టి ఊది చూసుకునేవాడు. ఆ పీకల కూతా, దాకలో చోడి అంబలి కుతకుతా, అమ్మ వేయించే ఎండు నెత్తళ్ళ ఘాటూ, పెరట్లో పగలగొట్టిన పనసపండు తీపి వాసనా అన్నీ ఒకదాని మీద ఒకటి పడి నన్ను నిద్ర లేపేవి. మధ్యాహ్నాలు అరుగు మీద చింతపిక్కలాట, సాయంత్రాలు ఏ పెళ్ళి నుంచో నాన్న తువ్వాల్లో మూటకట్టుకొచ్చే బూరెలు. ఆషాఢం వచ్చి ముహూర్తాలు ఆగిపోయేదాకా మాకు లోటు తెలిసేది కాదు.

నాన్నకి చెవి మీద మహా నమ్మకం. మేళం కుదుర్చుకోవడానికి బయానా పట్టుకుని వచ్చినవాళ్ళని ఏ ఊరు, ఏ ముహూర్తం, ఎంతమంది కావాలి అని అడుగుతూ, వాళ్ళ మాటలు వదిలేసి గొంతు వినేవాడు. గొంతు నిలకడగా ఉంటే తాంబూలంలో పెట్టిన ఒక్క రూపాయికే మేళం కదిలేది. కాస్త జారిందా, మొత్తం ముందే ఇమ్మనేవాడు. ఒకసారి పట్టు లాల్చీ, పులిగోరు గొలుసు వేసుకుని వచ్చిన ఒకాయన్ని అలాగే అడిగితే ఆయన కోపగించుకుని వేరే మేళాన్ని పిలుచుకున్నాడు. ఆ మేళం వాళ్ళు మూడు రోజులు ఊది, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆ తర్వాత నాన్న చెవికి మా వీధిలో తిరుగులేకపోయింది. మా అమ్మ ఒక్కతే నవ్వేది. శృంగవరపుకోట సంతలో చింతపండు అమ్మిన ఇంటి పిల్ల. పాటకీ ఆమెకీ ఆమడ దూరం. అందుకని డబ్బు విషయాల్లో కూడా ఆమె మాట చెల్లేది కాదు, అదేం లెక్కో మరి.

నాన్నకి ఒక అక్క ఉండేది. అప్పా అని పిలిచేవాడు. మా కామమ్మత్త చిన్నప్పుడే భర్త పోతే, హరికథల వాళ్ళ వెంట హార్మోనియం వాయించుకుంటూ ఊళ్ళు తిరిగి, చివరికి మా పక్క వీధిలో రెండు గదులు అద్దెకి తీసుకుని ఆడపిల్లలకి పాట నేర్పేది. ఆ గదుల్లో ఆమెకి ఒకరు పెట్టేదీ లేదు, ఒకరు అనేదీ లేదు. ఆ ఏడు ఇంటివాళ్ళు ఆ గదులు అమ్మేస్తామన్నారు. దసరాలోగా డబ్బు తెస్తే నీకే ఇస్తాం, లేదంటే ఖాళీ చెయ్యమన్నారు. అత్త జీవితమంతా దాచింది లెక్కేస్తే సగానికి వచ్చింది.

అప్పట్లో రేడియోలో ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే భక్తి పాటలకి ముందు ఆయన రెండు ముక్కలు మాట్లాడితే నాన్న పీక నోట్లోంచి తీసి వినేవాడు. శనివారం సాయంత్రం పావుగంటసేపు పొదుపు గురించి, కంపెనీల గురించి వార్తలు చదివేదీ ఆయనే. ఆ వార్తల నడుమ ఒక ఫైనాన్స్ కంపెనీ ప్రకటన వచ్చేది. కొద్ది నెలల్లో ఇంతకింత ఇస్తామని. దాన్ని చదివేదీ ఆయనే, అదే గొంతుతో. వార్త ఎక్కడ అయిందో ప్రకటన ఎక్కడ మొదలైందో మాలో ఎవరూ పట్టించుకోలేదు. ఒక శనివారం అత్త వచ్చి, ఇందులో డబ్బు పెట్టమంటావా అని అడిగితే నాన్న కళ్ళు మూసుకుని చివరిదాకా విని, తీర్పు చెప్పాడు.

“పెట్టీ అప్పా. ఇంత సుతిగా మాటాడినోడు అబద్ధమాడడు.”

అమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది, “ఆయన సదివేది ఎవులో రాసిచ్చిందే గదా.”

ఎవరూ వినలేదు. సోమవారం అత్త డబ్బంతా కట్టి, రసీదు హార్మోనియం పెట్టెలో అడుగున దాచింది.

ఆషాఢం చివర్లో ఒక గాలి మాట వచ్చింది, ఆ కంపెనీ ఆఫీసు తాళం వేసి ఉందని. అత్త పరుగున వెళ్ళింది. మేనేజరు పై ఆఫీసుకి వెళ్ళాడు, వచ్చేస్తాడని పక్క కొట్టు వాళ్ళు చెప్పారట. ఆ వారం అత్త పాట చెప్పలేదు. శనివారం సాయంత్రం వచ్చి వసారాలో ట్రాన్సిస్టరు కింద కూర్చుంది. మేళాలు లేక ఇంట్లోనే ఉన్న నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. మీట తిప్పే పని నాది. చెయ్యి జారితే స్టేషను పోతుందని ఊపిరి బిగబట్టేదాన్ని. ఆయన వచ్చి బంగారం ధర చెప్పాడు, నార మిల్లుల సంగతి చెప్పాడు, ఆ కంపెనీ ఊసే లేదు. ప్రకటన కూడా రాలేదు. “రానేదంటే మంచిదే,” అన్నాడు నాన్న. అది మంచిది కాదని ఎనిమిదేళ్ళ నాకే తెలిసిపోయింది. రెండో శనివారమూ అంతే. ఆ పక్షం రోజులూ మా ఇంట్లో పళ్ళెం చప్పుడైనా ఉలిక్కిపడేవాళ్ళం. అత్త ముద్ద పిసుకుతూ కూర్చునేది గానీ నోట పెట్టేది కాదు.

మూడో శనివారం ఆయన చదివాడు. ఫలానా కంపెనీ చెల్లింపులు నిలిపివేసింది, డబ్బు కట్టినవాళ్ళు రసీదు నకళ్ళు అధికారులకి ఇచ్చుకోవాలి అని. ఒక్క మాట తడబడలేదు, ఒక్క చోట గొంతు తగ్గలేదు. భక్తి పాటకి ముందు ఎలా మాట్లాడతాడో అలాగే. వెంటనే వాన కబురులోకి వెళ్ళిపోయాడు. నేను మీట కట్టేశాను. నాన్న వంక చూడటానికి భయమేసింది.

అత్త ఏడవలేదు. ట్రాన్సిస్టరు వంక చూస్తూ, “ఒరే, ఇయ్యాల కూడా సుతి తప్పనేదురా,” అంది.

నాన్న అక్కడే గుమ్మంలో కూలబడ్డాడు. తర్వాత కూడా మేళాలు ఒప్పుకున్నాడు గానీ, ఎవరు వచ్చినా కాగితం మీద రాయించి అమ్మకి చూపించాకే తాంబూలం పుచ్చుకునేవాడు. రసీదు నకళ్ళు ఇచ్చాం, తిరిగాం, పైసా రాలేదు. దసరాకి ముందే ఆ గదులు వేరేవాళ్ళు కొనుక్కున్నారు. అత్త హార్మోనియం మా వసారాలోకి వచ్చింది, తన ఇల్లు తనదిగా బతికిన మనిషి తమ్ముడి ఇంట్లో కంచం ముందు ఒదిగి కూర్చోవడం నేర్చుకుంది. ఆ గొంతుని నేను చాలా ఏళ్ళు అసహ్యించుకున్నాను. ఆయన తప్పేం లేదని, ఇచ్చిన కాగితం బాగా చదవడమే ఆయన ఉద్యోగమని నాకు ఉద్యోగం వచ్చాక గానీ అర్థం కాలేదు.

ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్ళేసరికి అత్త మంచాన ఉంది. చెయ్యి పట్టుకుని, “సదువే తల్లీ, సదువు. మరీ అంత బాగా సదవకు. నమ్మీస్తారు,” అంది. ఆ శీతాకాలం దాటలేదు.

ఇప్పుడా వసారా లేదు, నాన్న లేడు, పీక నోట్లోంచి తీసి ఒక మాటని చివరిదాకా వినేవాళ్ళూ లేరు. అందరూ పని చేసుకుంటూ, బండి నడుపుకుంటూ వింటారు. నిన్న మా ఆఫీసరు ఒక పొదుపు పథకం ప్రకటన కాగితం తెచ్చి, నన్నే చదవమన్నాడు. వేరేవాళ్ళ చేత చదివించండి అన్నాను. “మీ గొంతంటే శ్రోతలకి నమ్మకం మేడమ్,” అన్నాడు.

అందుకే చదవనని చెప్పి కాగితం తిరిగి ఇచ్చేశాను.