పరాయి పొయ్యి మీది కేకు

శ్రీలంకకు టికెట్లు మా ఆయనే తీశారు, చనిపోవడానికి రెండు నెలల ముందు. అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజు సముద్రం దగ్గర చేయాలని ఆయన కోరిక. పిల్ల అప్పటిదాకా చూసిన పెద్ద నీళ్లంటే జూరాల దగ్గరి కృష్ణే. ఆయన పోయిన ఐదో నెలలో, ఆయన టికెట్ ఒక్కటి రద్దు చేయించి, మేం ముగ్గురం బయల్దేరాం. గోపాల్‌పేట నుంచి అత్తమ్మ వస్తుందనుకోలేదు. "నా కొడుకు తీసిన టికెట్టు. ఎందుకు పోను?" అంది. కానీ వనపర్తిలో బస్సు ఎక్కకముందే ఒక మాట చెప్పింది.

"సముద్రం చూసొద్దాం. పుట్టినదినం గిట ఏం వద్దు. ఇంకా ఏడాది తిరుగలే."

మనిషి పోయిన ఇంట్లో ఏడాదిపాటు పండుగ చేయరు. దాని మీద నాకు నమ్మకం ఎంత ఉందో చెప్పలేను. వాదించే ఓపిక మాత్రం లేదు. అమ్మాయి ఆ మాట విన్నది. పోయినేడాది నెల ముందు నుంచే రోజులు లెక్కపెట్టిన పిల్ల, ఈసారి ఆ తేదీ మాటే ఎత్తలేదు. అడిగి ఏడ్చినా బాగుండుననిపించింది నాకు.

అక్కడ మేం దిగింది సముద్రం ఒడ్డునే ఉన్న ఇల్లులాంటి చిన్న లాడ్జి. నడిపేది యాభై ఏళ్ల ఆవిడ, వంట కూడా ఆమే. మొదటి సాయంత్రం అత్తమ్మ చెప్పులు చేత పట్టుకుని నీళ్ల అంచున చాలాసేపు నిలబడింది.

"గిన్ని నీళ్లున్నయ్. ఒక్క ఎకరం పారదు."

"ఉప్పు నీళ్లు నానమ్మా."

"తెల్సు తియ్యే. నువ్వు పుట్టకముందుకెల్లి తెల్సు."

అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

మూడో రోజే దాని పుట్టినరోజు. పొద్దున మేం టిఫిన్ తింటుంటే లాడ్జి ఆవిడ ఒక పళ్లెం తెచ్చి అమ్మాయి ముందు పెట్టింది. కొబ్బరి కేకు, మీద జీడిపప్పుతో తొమ్మిది అంకె. పాస్‌పోర్టులు జిరాక్సు తీసినప్పుడు తేదీ చూశానని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

అమ్మాయి కేకు వైపు చూడలేదు. నానమ్మ ముఖం చూసింది. రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుంది.

పళ్లెం వెనక్కి పంపుదామని నేను లేచాను.

"ఆగు," అంది అత్తమ్మ. "నువ్వు చెప్పి చేపిచ్చినవా?"

"లేదత్తమ్మ. ఆమెనే చేసింది."

"ఆమె పొయ్యి మీదనేనా?"

"ఆమె పొయ్యి మీదనే."

మనిషి పోయిన ఏడాదంతా మన పొయ్యి మీద తీపి వండకూడదు. బయటివాళ్లు తమ ఇంట్లో చేసి తెచ్చి పెడితే తినవచ్చు. ఉగాదికి పక్కింటివాళ్లు మాకు బెల్లం పూర్ణం బచ్చాలు పెట్టింది అందుకే. ఆ పద్ధతి ఇక్కడ కూడా చెల్లుతుందా అని అత్తమ్మ ఆలోచిస్తోందని నాకు అర్థమైంది.

"అయితె మనం చెయ్యలే," అంది చివరికి. "వాళ్లు పెడ్తున్నరు. ఆమెనే కొయ్యమను. పిల్ల నోట్ల గూడ ఆమెనే పెట్టాలె. మన చెయ్యి తగలద్దు."

అత్తమ్మ మాట నేను ఇంగ్లీషులో చెప్పినదాంట్లో లాడ్జి ఆవిడకు ఎంత తెలిసిందో గానీ, ముక్క కోసి అమ్మాయి నోట్లో పెట్టింది. అది నానమ్మను చూస్తూనే నమిలింది.

"మంచిగుందా?"

"మంచిగుంది."

"ఇంకో ముక్క తిను. మీ నాయినకు గూడ కొబ్బరంటె పానం."

అప్పుడు ఏడ్చింది అమ్మాయి. ఆయన పోయిన రోజు కూడా అది అలా ఏడవలేదు. కేకులో ఏదో తప్పు జరిగిందనుకుని ఆవిడ బెదిరిపోయింది. అత్తమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, "నీ తప్పేం లేదమ్మ, పెట్టు," అని తెలుగులోనే చెప్పి, తాను నోరు తెరిచింది. మింగి, నన్ను చూపించింది.

నేను వద్దని తల ఊపాను.

"ఏడాది సంగతి నాకు తెల్వదా?" అంది అత్తమ్మ. "పరాయి చెయ్యి. తప్పు లేదు, నోరు తెరువు."

తెరిచాను.